ఏది పాట, ఏది చప్పుడు?

మన దేశంలో రికార్డింగు స్టూడియో తలుపులు స్త్రీల గొంతుకి ఎప్పుడూ మూసిలేవు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో ఒక హోటలు గదినే స్టూడియోగా మార్చి రికార్డు చేసిన తొలి గాయకుల్లో గౌహర్ జాన్ ఒకరు. ఆ తొలి రోజుల్లో గ్రామఫోన్‌లో వినిపించిన గొంతులు చాలావరకు తవాయిఫ్‌లవి, దేవదాసీలవి. ‘మర్యాదస్తుల’ ఇళ్ళ ఆడవాళ్ళు ఆ బూరా ముందుకి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. పాట అయిపోగానే గౌహర్ జాన్ తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పేది. ఆ రికార్డులు తయారయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్ళకి ఏ పాట ఎవరిదో తెలియాలి కదా! కారణం ఏదైనా, ఒక పలకలో ఉండే మూడు నిమిషాల్లో ఆమె తన పేరుకి కూడా చోటు చేసుకుంది.

గొంతు లోపలికి వెళ్ళింది సరే. చెవి సంగతేమిటి? అద్దం అవతల కూర్చుని “ఇంకోసారి పాడండి” అనే వాళ్ళెవరు? ఏ టేకు బాగుందో, ఏది చెత్తబుట్టలోకో తేల్చే వాళ్ళెవరు? అమెరికాలో 2012 నుంచి 2017 దాకా బాగా ఆదరణ పొందిన 600 పాటల్ని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టి 2018లో ప్రకటించారు. పాడినవాళ్ళలో స్త్రీలు 22.4 శాతం. పాట రాసినవాళ్ళలో 12.3 శాతం. ఆ పాటల్లో కొన్నిటిని తీసుకుని నిర్మాతల్ని, అంటే స్టూడియోలో పాట రూపాన్ని నిర్ణయించేవాళ్ళని లెక్కిస్తే 2 శాతం. మైకు నుంచి మీటల బల్ల దగ్గరికి ఉన్న నాలుగడుగుల దూరంలో ఇంతమంది ఆడవాళ్ళు ఎక్కడ మాయమైపోయారు?

ఈ దూరాన్ని కంప్యూటరు చెరిపేస్తుందని చాలామందిమి ఆశపడ్డాం. 1991లో ప్రో టూల్స్ వచ్చింది. 2000లో ఆడాసిటీ ఉచితంగానే వచ్చింది. 2004లో గరాజ్‌బ్యాండ్. ఇవాళ ఒక మామూలు కంప్యూటరు, ఒక మైకు, గొంతుని అంకెలుగా మార్చే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె, ఒక జత హెడ్‌ఫోన్లు ఉంటే చాలు. కంప్యూటరు ఎలాగూ ఉంది అనుకుంటే మిగతావన్నీ కలిపి ఒక మంచి పట్టుచీర ఖరీదులో వచ్చేస్తాయి. 1929లో వర్జీనియా ఉల్ఫ్ ఆడది రాయాలంటే ఏడాదికి అయిదువందల పౌన్లు, తనకంటూ ఒక గది ఉండాలంది. పాట విషయంలో ఆ డబ్బు సమస్య కొంత తేలికైనట్టే. మరి గది?

నా పరిశోధన స్త్రీల పాటల మీద. డాక్టరేట్ కోసం పనిచేసినన్నాళ్ళూ ఆ పాటల్ని అచ్చులోనే చదివాను. పాదాలు లెక్కపెట్టాను, పాఠాంతరాలు పోల్చాను. ఊర్మిళాదేవి నిద్ర గురించి పేజీలకి పేజీలు రాశాను. ఆ పాట ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో మాత్రం నా సిద్ధాంత గ్రంథంలో లేదు. పాట అన్నాక గొంతు కూడా పాఠంలో భాగమే కదా అనిపించి, రెండేళ్ళ క్రితం మా అపార్ట్‌మెంటులోని రెండో పడగ్గదిలో ఒక మూల స్టూడియో పెట్టుకున్నాను. అప్పట్నుంచీ ఆ మూల నాకు ఒక పుస్తకంలా కనిపిస్తోంది. సాహిత్య విమర్శకురాలిగా దాన్ని చదివే ప్రయత్నమే ఈ వ్యాసం.

ముందుగా స్టూడియో పెట్టుకోవడం ఎలాగో చెప్పే మార్గదర్శకాలు. ఎవరు రాసినా మొదటి సలహా దాదాపు ఒక్కటే - ఇంట్లో ప్రశాంతంగా ఉండే గదిని ఎంచుకోండి, తలుపు వేసుకోండి, ఫ్యాను ఆపండి, ఫ్రిజ్‌కి దూరంగా ఉండండి. ఎంత అమాయకమైన వాక్యం! ఒక వారం రోజులు మా ఇంటి చప్పుళ్ళన్నీ కాగితం మీద రాసిపెట్టాను. పొద్దున్న అయిదింటికి నీళ్ళ మోటారు. ఆరింటికి పాల ప్యాకెట్ల బండి. ఏడింటికి కుక్కరు కూత, మిక్సీ, పిల్లాడి బూట్ల వెతుకులాట. పదకొండింటికి కింద కూరగాయల బండి మైకు. సాయంత్రం టీవీ. రాత్రి పదిన్నరకి గిన్నెలు. వీటిలో సగానికి పైగా చప్పుళ్ళు చేసేది నేనే, లేదా నాలాంటి ఇంకో ఆడమనిషి. అవి ఆగాలంటే ఆ పని ఆగాలి. పని ఆగితే ఇల్లు ఊరుకుంటుందా?

అంటే ఆ వాక్యం ఊహించుకున్న పాఠకుడికి ఇంట్లో నిశ్శబ్దం దానంతటదే దొరుకుతుంది. నిజానికి అది దానంతటదే దొరికేది కాదు. “నాన్న రికార్డింగ్ చేసుకుంటున్నారు, గోల చెయ్యకండి” అని పిల్లల్ని వంటింట్లోకి లాక్కెళ్ళిన మనిషి తయారుచేసింది. మిక్సీ వెయ్యకుండా రోట్లో నూరుకున్న మనిషి తయారుచేసింది. వంటలాగే, ఉతుకుడులాగే నిశ్శబ్దం కూడా ఇంటిచాకిరీయే. కాకపోతే అది జరిగినట్టు ఎవరికీ కనపడదు, ఎవరికీ వినపడదు. ఆడది రికార్డింగుకి కూర్చున్నప్పుడు ఆ చాకిరీ కూడా తనే చేసుకుని, రాత్రి పదకొండు దాటాక, అప్పటికి అలిసిపోయిన గొంతుతో మైకు ముందుకొస్తుంది. నేను చేసిన రికార్డింగుల్లో ఎక్కువభాగం ఆ వేళప్పటివే. వింటుంటే గొంతుల్లో ఆ అలసట నాకు తెలుస్తూనే ఉంటుంది.

గది దొరికినా కథ అక్కడితో అయిపోదు. ఇంటి స్టూడియో గొప్పతనానికి ఈమధ్య అందరూ చూపించే ఉదాహరణ బిలీ ఐలిష్ 2019 ఆల్బమ్. లాస్ ఏంజిలిస్‌లోని హైలాండ్ పార్కులో తల్లిదండ్రుల చిన్న ఇంట్లో, అన్న ఫినియస్ పడగ్గదిలో తయారైంది. 2020 జనవరిలో గ్రామీ పురస్కారాలు కుప్పగా వచ్చాయి. ఉత్తమ నిర్మాత పురస్కారం అన్నకి వచ్చింది. అతని ప్రతిభని తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. 1970ల నడుమ మొదలైన ఆ నిర్మాత పురస్కారాన్ని అప్పటిదాకా ఒక్క స్త్రీ కూడా అందుకోలేదన్న విషయం గుర్తుచేస్తున్నానంతే. స్టూడియో పడగ్గదిలోకి వచ్చినా గొంతు చెల్లెలిదీ, మీటలు అన్నవీ అయ్యాయి. గది మారింది గానీ ఆ గదిలో కుర్చీల అమరిక మారలేదు.

మీటలు తనే పట్టుకున్నా పేరు దక్కుతుందన్న హామీ లేదు. ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ 2001లో ‘వెస్పర్టీన్’ అనే ఆల్బమ్ తెచ్చింది. చీట్లపేక కలిపే చప్పుడు, మంచు పగిలే చప్పుడులాంటి చిన్నచిన్న శబ్దాలని ల్యాప్‌టాప్‌లో పేర్చి అల్లిన సంగీతం అది. 2015లో ఒక ఇంటర్వ్యూలో ఆవిడ దాని గురించి చెప్పింది. తను మూడేళ్ళు కూర్చుని, కుట్టుపనిలాగా ఒక్కొక్క శబ్దమూ పేర్చుకుందట. చివరి రెండు వారాల్లో వచ్చి కొంత చేర్చిన మగ సంగీతకారులకే ఆల్బమ్ మొత్తం చేసిన పేరు వెళ్ళిందట. ఆవిడ కుట్టుపనితో పోల్చడం నన్ను ఆగి ఆలోచించేలా చేసింది. స్క్రీను మీద ఎడమ నుంచి కుడికి సాగే శబ్దాల వరసల్ని కత్తిరించి, అతికించి, అంచులు కలిసేలా నునుపు చేయడం నిజంగా సూదిపనే. మన ఇళ్ళలో కుట్టుపనికి ఎవరూ సంతకం పెట్టరు. ల్యాప్‌టాప్ మీద ఆడది చేసిన కుట్టుపనికీ అదే గతి పట్టిందన్నమాట!

ఇక పరికరాల దగ్గరికి వద్దాం. మైకు తీగ రెండు కొసల్నీ స్టూడియో భాషలో ఒకదాన్ని మగది, ఇంకోదాన్ని ఆడది అంటారు. ఒకటి పొడుచుకుని ఉంటుంది, రెండోది దాన్ని లోపలికి తీసుకుంటుంది. ఒక యంత్రం ‘మాస్టర్’, దాని అడుగుజాడల్లో నడిచేది ‘స్లేవ్’ అని చాలాకాలం రాశారు. ఈమధ్య కొందరు తయారీదార్లు ఆ మాటలు మార్చుకుంటున్నారు, మంచిదే. మాటలకన్నా లోతుగా పాతుకుపోయినవి యంత్రం ముందే ఎంచి పెట్టే అంకెలు. ఈ సాఫ్ట్‌వేర్లు చాలావాటిల్లో కొత్త ఫైలు తెరవగానే నిమిషానికి 120 దెబ్బలు, నాలుగు మాత్రల తాళం సిద్ధంగా ఉంటాయి. మనం మార్చుకోవచ్చు. కానీ మార్చుకోవాల్సింది మనమే. 1997లో వచ్చిన ఆటో-ట్యూన్ లాంటి పనిముట్లు మామూలు అమరికలో గొంతుని లాక్కెళ్ళి పన్నెండు స్వరస్థానాల్లో దగ్గరున్న దానిమీద కూర్చోబెడతాయి. లాలిపాటలో పిల్లకి నిద్ర పట్టేకొద్దీ గొంతు జారుతుంది, నడక మందగిస్తుంది. ఆ జారడమే పాటకి ప్రాణం. యంత్రానికి మాత్రం అది సరిదిద్దవలసిన లోపం.

మైకు ఎంపిక కూడా అమాయకమైన సంగతేమీ కాదు. కండెన్సర్ మైకు 48 వోల్టుల కరెంటు తీసుకుని గదిలో ఉన్నవన్నీ వింటుంది. పక్కింటి కుక్కరుతో సహా. డైనమిక్ మైకు నోటికి దగ్గరగా ఉన్నదాన్నే ప్రధానంగా పట్టుకుంటుంది. ఇల్లు గోలగా ఉంటే డైనమిక్ మైకు తీసుకోమంటారు. తెరిచిన చీరల బీరువాకి ఎదురుగా మైకు పెట్టి, వెనక మందపాటి బొంతలు వేలాడదీస్తే గదిలో మోత బాగా తగ్గుతుంది. ఇన్వర్టరు రొద లాంటి మంద్రమైన ధ్వనిని మాత్రం ఏ బొంతా ఆపలేదు. ఇవన్నీ నేర్చుకోవడం నాకు నచ్చింది. ఎంతో గొప్ప రహస్యంలా మాట్లాడే ఈ విద్య నేర్చుకుంటే వచ్చేదేనని తెలిసింది.

మొదటిసారి మా పెద్దమ్మని కూర్చోబెట్టి ఊర్మిళాదేవి నిద్ర పాడించిన రోజున మా తమ్ముడు సాయం వచ్చాడు. పెద్దమ్మకి తొడ మీద తాళం వేసుకుంటూ పాడటం అలవాటు. చేతినిండా గాజులు. వాడు హెడ్‌ఫోన్లు తీసి, “పెద్దమ్మా, ఆ గాజులు కాస్త తీసి పక్కన పెట్టవా, చప్పుడొస్తోంది” అన్నాడు. స్టూడియోల్లో ఇది మామూలు మాటే. పెద్దమ్మ మొహం ఎర్రబడింది. “ఏవిట్రా ఆ మాటలు? నిక్షేపంలా మీ పెదనాన్న వరండాలో పేపరు చదువుకుంటూంటే నన్ను గాజులు తియ్యమంటావేం?” అంది. వాడు బిత్తరపోయాడు. ఆవిడ గాజులతోనే పాడింది. ఆ గాజుల తాళం రికార్డింగులో అలాగే ఉంది.

ఆ సంఘటన గురించి చాలా ఆలోచించాను. గాజుల చుట్టూ అల్లిన పుణ్యస్త్రీ భావజాలాన్ని మనం ఎప్పట్నుంచో ప్రశ్నిస్తున్నాం. దాన్ని తిరిగి నెత్తిన పెట్టుకోవాలని నేననను. కానీ గాజులు తియ్యమన్న స్టూడియో మర్యాదకి కూడా స్త్రీవాదంతో ఏ సంబంధమూ లేదు. దానికి కావలసింది శరీరం లేని గొంతు. దగ్గని, గుటక వెయ్యని, చేతులాడించని గొంతు. ఒకే మణికట్టు మీద రెండు అధికారాలు ఎదురుపడ్డాయి. ఒకటి మొగుడున్నంతకాలం తియ్యొద్దంటుంది, రెండోది పాడినంతసేపూ తియ్యమంటుంది. ఇద్దరూ ఆవిణ్ణి అడగలేదు. ఆవిడకి మాత్రం అది మొగుడి గుర్తు మాత్రమే కాదనీ, తాళం కూడా అదేననీ నాకు రికార్డింగు విన్నాకే అర్థమైంది. పద్నాలుగేళ్ళ తరవాత తిరిగొచ్చిన లక్ష్మణుణ్ణి ఊర్మిళ గుర్తుపట్టక, ఎవడో పరాయివాడనుకుని మందలించే చోట ఆ గాజులు గట్టిగా మోగాయి. పుస్తకంలో ఆ ఘట్టాన్ని ఎన్నోసార్లు చదివాను. ఆ కోపం ఎంతటిదో గాజులు చెప్పాయి.

మన స్త్రీల పాటలు చాలామటుకు పనితో పుట్టినవి. తిరగలి పాటకి తిరగలే వాద్యం. బతుకమ్మ పాటకి చప్పట్లు, అడుగులు, తిరిగే వలయం. వలయం మధ్యన మైకు పెడితే ఒక్కొక్క గొంతూ దగ్గరికొచ్చి దూరమవుతూ ఉంటుంది. శబ్దం సమంగా లేదు కాబట్టి స్టూడియో లెక్కలో అది చెడిపోయిన రికార్డింగు. అందుకే కాబోలు, ఏటా పండక్కి స్టూడియోల్లో కొత్తగా తయారయ్యే బతుకమ్మ పాటల్లో ఒకటో రెండో నిగ్గుదేలిన గొంతులు, వాటికింద యంత్రపు దరువు. వాటిని డీజే పెట్టెల్లో పెట్టి వీధిలో మోగిస్తారు. ఆడవాళ్ళు చక్కగా ఆడతారు. పాడవలసిన పని ఉండదు. పాట శుభ్రపడింది, పాడే నోళ్ళు మూతపడ్డాయి. ఇందులో ఏది చప్పుడో, ఏది పాటో ఎవరు తేల్చారు?

ఈ ప్రశ్నకి మనకి ఒక పూర్వకథ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాల్ని స్త్రీశక్తి సంఘటన సభ్యులు వాళ్ళ నోటివెంటే సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చారు. ఆడవాళ్ళ మాటల్ని ఆడవాళ్ళే విని, ఎలా వినాలన్నది కూడా చర్చించుకున్న పుస్తకం. దాన్ని చదివి పెరిగిన తరం నాది. అయినా పాఠకులుగా మనకి అందింది అక్షరమే. ఆ ఆగడాలూ నిట్టూర్పులూ గొంతు తగ్గించడాలూ పేజీ మీదికి పూర్తిగా రావు. పేజీ చేయలేని పని ఇప్పుడు ఇంటి స్టూడియో చేయగలదు. అందుకే ఇది సంగీతం తెలిసినవాళ్ళ సరదా అని వదిలేయకుండా, రచయిత్రులూ అధ్యాపకులూ పట్టించుకోవలసిన విషయం అంటున్నాను.

అయితే మీటల దగ్గర ఆడమనిషి కూర్చుంటే అంతా సరిపోతుందా? ఇక్కడే నాకు గుబులు. వెల్చేరు నారాయణరావు గారు స్త్రీల రామాయణ పాటల మీద 1991లో ప్రచురించిన వ్యాసంలో బ్రాహ్మణ స్త్రీలు ఇళ్ళలో పాడుకునేవాటినీ, బ్రాహ్మణేతర స్త్రీలు పొలాల్లో పనిచేస్తూ పాడేవాటినీ విడిగా చూశారు. లోకం గురించి ఆ రెండూ అడిగే ప్రశ్నలు వేరు. ‘ఇంటి స్టూడియో’ అన్న మాటలోనే రెండో పడగ్గది ఉన్న ఇల్లు దాగి ఉంది. నాట్లువేసే ఆమెకి ఆ గది లేదు. కాబట్టి నేనే ల్యాప్‌టాప్ పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేముందు కాపీరైటు చట్టం చదివాను. 1957 నాటి మన చట్టం ప్రకారం శబ్ద రికార్డింగుకి కర్త దాని నిర్మాత, అంటే చొరవా బాధ్యతా తీసుకుని రికార్డు చేయించిన వ్యక్తి. పాట తరతరాలది, గొంతు ఆమెది, రికార్డింగుకి కర్తని మాత్రం నేను. హక్కు ప్రచురణ తరవాత అరవై ఏళ్ళు. పాడిన మనిషికి ప్రదర్శకురాలి హక్కు ఉంది, యాభై ఏళ్ళు. 2012 సవరణ తరవాత రాబడిలో వాటా, తన పేరు చెప్పించుకునే హక్కు కూడా చట్టంలో చేరాయి. ఆ సంగతి ఆమెకి చెప్పవలసిన మనిషిని కూడా నేనే. మీట నొక్కే వేలికి ఉన్న ఈ బలం, అది ఆడదాని వేలు అయినంతమాత్రాన తగ్గదు.

నల్గొండ జిల్లాలో మా అత్తగారి ఊళ్ళో ఏడుగురు నాటు పాటలు పాడారు. ఒకరు ముందు అందుకుంటే మిగతావాళ్ళు వెనక పలికారు. బురదలో కాళ్ళు కదిలే చప్పుడు, మధ్యలో నవ్వులు, దూరంగా ట్రాక్టరు. గట్టు మీద కూర్చుని హెడ్‌ఫోన్లు ఒకరి తరవాత ఒకరికి పెట్టి వినిపించాను. ట్రాక్టరు తీసెయ్యనా అని అడిగితే, “ఉండనియ్యి, అది మా పటేల్ ది” అని నవ్వారు. పేరు ఎవరిది వెయ్యాలంటే ఏడుగురివీ అన్నారు. ముందు అందుకున్నామె మాత్రం నన్ను పక్కకి పిలిచింది. పాటలో అత్తని ఎత్తిపొడుస్తూ అప్పటికప్పుడు కైగట్టిన ఒక చరణం ఉంది. నేను విన్న అన్ని పాటల్లోకీ పదునైంది అదే. నా తరవాతి వ్యాసం దానిమీదే రాయాలని గట్టు మీదే అనేసుకున్నాను. ఆమె నెమ్మదిగా, “అక్కా, గా ముక్క తీసెయ్యి. మా అత్త ఇన్నదంటే ఇల్లు పీకి పందిరేస్తది” అంది.

పొలంలో, తోటివాళ్ళ మధ్య అది పాట. ఫోన్లలో ఊరంతా తిరిగితే ఆమెకి అది ముప్పు. ఏది పాట, ఏది చప్పుడు అన్నది యంత్రమూ చెప్పలేదు, పండితులూ చెప్పలేరు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఉండవలసిన మనిషి చెప్పాలి. ఆమె ఎదురుగానే ఆ చరణాన్ని తుడిచేసి, దాచుకున్న రెండో ప్రతిలోంచి కూడా తీసేసి, మిగిలినదాన్ని ఏడుగురి ఫోన్లకీ పంపించాను. పరిశోధకురాలిగా అది నాకు పెద్ద నష్టం. ఆ చరణం ఇప్పుడు ఆమె దగ్గర మాత్రమే ఉంది. మళ్ళీ నాట్లప్పుడు, మైకు లేనిచోట పాడుకుంటుంది.